అనుమానము: తర్కశాస్త్రమున, అపరాధపరిశోధనమున

తెలుగువారి నోట 'అనుమానము' అను మాటకు సందేహమని అర్థము. "వానిమీద నాకు అనుమానముగా నున్నది" అన్నచో, వాడు దొంగయని ఇంకను నిశ్చయింపలేదనియే తాత్పర్యము. శాస్త్రమున అదే పదము నిశ్చయజ్ఞానసాధనమునకు పేరు. లింగమును చూచి, వ్యాప్తిని స్మరించి, పరామర్శచేత పొందు అనుమితి సందేహమును పోగొట్టునదే కాని తాను సందేహము కాదు. తర్కసంగ్రహము మొదలుపెట్టిన విద్యార్థి తొలివారమున ఈ రెండర్థముల నడుమ తడబడుట బోధించువారందరును ఎరిగినదే. ఆ తడబాటును దిద్ది మనము ముందునకు సాగుదుము. కొంచెము నిలిచి చూచినచో, అపరాధపరిశోధకుని పని యంతయు ఈ రెండర్థముల నడుమనే యున్నదని తోచును. అతడు తెలుగు అనుమానముతో బయలుదేరి సంస్కృతానుమానమును చేరవలెను. నడిదారిలో నిలిచిపోయి మొదటిదానినే రెండవదిగా భావించినచో నిరపరాధి శూలమెక్కును.

పరిశోధకుని బుద్ధిని అలవరచుకొనుట యెట్లు అను విషయమున ఇంగ్లీషున విస్తారముగా గ్రంథములు వెలువడినవి. వానిలో తరచుగా కానవచ్చు అభ్యాసమొకటి కలదు. పళ్లెములో కొన్ని వస్తువులనుంచి క్షణకాలము చూపి, గుడ్డ కప్పి, ఏమేమి యున్నవో చెప్పుమందురు. 1901లో వెలువడిన కిప్లింగు నవల 'కిమ్'లో సిమ్లాలోని రత్నవ్యాపారి బాలునికి నేర్పు విద్య యిదే. దానిని బేడెన్ పవెల్ తన 1908 నాటి గ్రంథముతో స్కౌటు బాలుర ఆటగా చేసెను. ఇది మంచి ఆటయే. కాని దీనివలన పెరుగునది ధారణ, ఊహాపోహలు కావు. పళ్లెములోని పదునైదు వస్తువులను తడుముకొనక చెప్పగల బాలుడు, పదునారవ వస్తువు అచట ఉండవలసియుండి లేకపోవుటను గమనింపకపోవచ్చును.

ఇచట మన శాస్త్రము చెప్పు మాట వేరు. జ్ఞానములు ఒక్కమారుగా పుట్టకుండుటయే మనస్సునకు లింగమని గౌతముడు చెప్పినాడు. మనస్సు అణువు, అది ఏ యింద్రియముతో కూడినదో ఆ యింద్రియవిషయమే తెలియును. కావున 'అన్నిటిని గమనింపుము' అను ఉపదేశము మనస్సు స్వభావమునకే విరుద్ధము. 1891లో వెలువడిన 'ఎ స్కాండల్ ఇన్ బొహీమియా' కథలో షెర్లాక్ హోమ్స్ తన మిత్రుడైన వాట్సన్‌ను, తామున్న ఇంటి మెట్లెన్నియని అడుగును. వందలమారులు ఎక్కినను వాట్సన్‌కు తెలియదు. పదునేడని హోమ్స్ చెప్పి, చూచుటకును గమనించుటకును గల భేదమును ఎత్తి చూపును. ఇంద్రియార్థసన్నికర్షమున్నను మనస్సు అన్యత్ర ఆసక్తమైనచో జ్ఞానము పుట్టదని మనము చెప్పునదే ఇది. అయితే ఆ మెట్ల లెక్క వలన ఆ కథలో ఒరిగిన ప్రయోజనమేదియు నాకు కనబడలేదు.

మరి మనస్సును ఎచట నిలుపవలెను? సంశయము పుట్టిన చోట. తెలియనే తెలియని వస్తువునందు గాని, నిర్ణీతమైన దానియందు గాని న్యాయము ప్రవర్తింపదనియు, సందిగ్ధమైన దానియందే ప్రవర్తించుననియు వాత్స్యాయనుని మతము. మునిమాపువేళ దూరమున నిలువుగా నున్నది మ్రోడో మనుష్యుడో తెలియదు. పొడవు, లావు రెంటికిని సమానము; వానిని ఎంతసేపు చూచినను ఫలములేదు. చేతులు, కాళ్లు, తల యున్నవా, లేక వంకరయు తొర్రయు నున్నవా అని వెదకినచో తేలిపోవును. సంశయలక్షణమున 'విశేషాపేక్ష' యను మాట చేర్చుటలోని స్వారస్యమిది. సంశయమనగా తెలియకపోవుట మాత్రమే కాదు, భేదకధర్మమును కోరుట. ఆ కోరిక లేనివాడు దీపము చేతబట్టి నేలయంతయు వెదకినను అతనికి దుమ్మే దొరకును.

ఈ విషయమున నాకు మిక్కిలి ఇష్టమైన ఘట్టము న్యాయదర్శనము రెండవ అధ్యాయము ప్రథమాహ్నికమున కలదు. పరీక్షలకు అంతగా ఉపయోగింపదనియో యేమో, పాఠకులు దీనిని త్వరగా దాటిపోవుదురు. పూర్వపక్షి అనుమానము ప్రమాణమే కాదనుచున్నాడు. నది నిండినదని చూచి ఎగువను వాన కురిసినదందురు; దిగువను అడ్డుకట్ట పడినను నది నిండును. చీమలు గ్రుడ్లను మోసికొని పోవుచున్నవని చూచి వాన రాగలదందురు. పుట్ట చెడినను అవి గ్రుడ్లను మోయును. నెమలి కూత విని అచట నెమలి కలదందురు. మనుష్యుడు అనుకరించినను అదే ధ్వని వినబడును. రోధము, ఉపఘాతము, సాదృశ్యము అను ఈ మూడింటి వలన హేతువు వ్యభిచరించుచున్నదని అతని వాదము. ఇది ఉత్త వితండ కాదు. ముద్దాయి తరపున నిలిచిన ఏ న్యాయవాదియైనను నేడు చేయునది ఈ ప్రశ్నయే: 'ఇది మరియొక విధముగా జరుగరాదా?'

సిద్ధాంతి యిచ్చిన సమాధానము పరిశోధకులకు సూత్రప్రాయమైనది. నది నిండుట హేతువని మేమనలేదు. నీవు హేతువులో ఒక భాగమును మాత్రమే పట్టుకొంటివి అని అతని ప్రత్యుత్తరము. వాన వలన వచ్చిన పూరమున ప్రవాహము వడి హెచ్చును, నురుగు విస్తారముగా నుండును, పండ్లు, ఆకులు, కట్టెలు కొట్టుకొని వచ్చును. ఇన్నింటితో విశిష్టమైన పూరమే లింగము. అట్లే చీమల విషయమున భయముచే కొన్ని చెల్లాచెదరగుట వేరు, బారులు తీరి అన్నియు తరలుట వేరు.

గోదావరీతీరవాసులకు ఇది పుస్తకము చూచి నేర్వవలసిన విషయము కాదు. రాజమహేంద్రవరమున ధవళేశ్వరపు కట్టకు ఎగువను నీరు నిండుగా, నిశ్చలముగా నిలిచియుండుట చూచి ఎవ్వరును వరద యనరు. 1852లో ఆనకట్ట పూర్తియైనది మొదలు ఆ నిండుదనము రోధఫలమని పిల్లలకు సైతము తెలియును. వానకాలపు ఆరంభమున నీరు ఎర్రబారి, సుడులు తిరుగుచు, దుంగలను మోసికొని వచ్చినప్పుడు మాత్రము 'ఎర్రనీరు వచ్చినది' అని చెప్పి, ఇచట చినుకు పడకున్నను ఎగువను వానలు కురిసినవని నిశ్చయింతురు. మా గురువుగారు ఈ సూత్రపాఠమును రేవు మెట్లమీద చెప్పెడివారు. శిష్యుడొకడు 'నది నిండినది గనుక' అని హేతువు చెప్పినచో, 'ఏ రంగు నీటితో?' అని వెంటనే అడిగెడివారు. ఆ ఒక్క ప్రశ్నలో ఆహ్నికమంతయు నిమిడి యుండెను.

నెమలి విషయమున భాష్యకారుని మాట మరియు సరసమైనది. అది నెమలి కూత కాదు, దానిని పోలిన మరియొక ధ్వని. ఆ భేదమును గుర్తింపలేక మోసపోయినచో అపరాధము అనుమాతది, అనుమానముది కాదు అని అతడు తీర్పు చెప్పినాడు. పాములు మొదలైనవి ఆ భేదమును గ్రహించుననియు సెలవిచ్చినాడు. నెమలికి ఆహారమగు పామునకు ఆ కూత ప్రాణసంకటము. తప్పు వినుటకు దానికి అవకాశములేదు. అపరాధపరిశోధనలో మొదట పరిశోధింపవలసినది ఏ అపరాధమో ఈ పంక్తి చెప్పకయే చెప్పుచున్నది.

వైద్యుడును ఒక విధమైన అపరాధపరిశోధకుడే. హోమ్స్ పాత్రను కల్పించిన కానన్ డాయిల్ వైద్యుడు. 1876లో ఎడింబరో విశ్వవిద్యాలయమున చేరి, జోసెఫ్ బెల్ అను శస్త్రవైద్యుని వద్ద చదివెను. రోగి నోరు విప్పకముందే అతని వృత్తిని, వచ్చిన చోటును బెల్ చెప్పెడివాడట. ఒక రోగిని చూచి, ఇతడు ఇటీవల సైన్యము విడిచినవాడు, బార్బడోసున నుండినవాడు అని చెప్పిన వృత్తాంతమును డాయిల్ వ్రాసినాడు. రోగి మర్యాదగలవాడయ్యును టోపీ తీయలేదు గనుక సైనికుని అలవాటు. బోదకాలు ఉన్నది గనుక వెస్టిండీసు. వినుటకు ఇంపుగానే యున్నది. కాని ఈ రెండవ వ్యాప్తి స్కాట్లండున మాత్రమే చెల్లును. ఆ దినములలో కాకినాడ వైద్యుడొకడు బోదకాలు చూచి బార్బడోసు అనుకొన్నచో జనులు నవ్వెడివారు. వ్యాప్తికి దేశకాలముల అవధి యున్నదని మరువరాదు.

బెల్ కంటె ఎంతయో ముందు చరకసంహిత విమానస్థానపు నాలుగవ అధ్యాయమున రోగపరీక్షాక్రమము కలదు. వైద్యుడు రోగి శరీరమును తక్కిన ఇంద్రియములతో పరీక్షింపవలెను గాని నాలుకతో పరీక్షింపరాదు. మరి రసము తెలియుటెట్లు? పేలు దేహమును వీడిపోయినచో శరీరము విరసమైనదనియు, ఈగలు ముసిరినచో తీపెక్కినదనియు ఊహింపవలెను. వెడలిన నెత్తురు శుద్ధరక్తమా, రక్తపిత్తమా అను సంశయము కలిగినచో కుక్కలకు, కాకులకు వేసి చూడవలెను. అవి తిన్నచో శుద్ధరక్తము, ముట్టకున్నచో రక్తపిత్తము. నేటి వైద్యమున ఈ పరీక్షల విలువ యెంతయను చర్చ నాకు ప్రస్తుతము కాదు. ప్రత్యక్షమునకు దారి మూసుకొన్న చోట మరియొక ప్రాణి ప్రవర్తనను లింగముగా చేసికొన్న బుద్ధిని చూడవలెను. పైని చెప్పిన పామునకు ఈ ఈగలు చుట్టములు.

ఇక అభావమును గూర్చి. 1892 నాటి 'సిల్వర్ బ్లేజ్' కథలో రాత్రివేళ సాలనుండి పందెపుగుఱ్ఱమును ఎవరో తోలుకొనిపోయిరి. సాలలో కుక్క యున్నది, అది మొరుగలేదు. అటుకపై పడుకొన్న ఇరువురు కుఱ్ఱవాండ్రు మేల్కొనలేదు. వచ్చినవాడు కుక్కకు పరిచితుడని హోమ్స్ నిశ్చయించెను. పాశ్చాత్యపాఠకులు దీనిని అద్భుతముగా చెప్పుకొందురు. భాట్టమీమాంసకులు, వేదాంతులు అనుపలబ్ధిని ప్రత్యేకప్రమాణముగా నెన్నడో స్థాపించిరి. నైయాయికులు దానిని ప్రత్యక్షమునకు సహకారిగా గ్రహించిరి. అందరును ఒప్పుకొన్న నియమము యోగ్యత. ఉన్నచో తప్పక తెలిసెడిది అన్నదాని విషయముననే, తెలియకపోవుట వలన లేదని చెప్పవచ్చును. ఆ నియమముతో ఈ కథను పరీక్షింపుడు. కుక్క క్రొత్తవారిని చూచి మొరుగునదేనా? అది మొరిగినచో పైనున్నవారు మేల్కొనియుండెడివారా? ఆ రాత్రి కాపలావాని ఆహారమున నల్లమందు కలిపిరి గదా, కుక్కకు పెట్టలేదని యెట్లు తెలిసినది? మన విద్యార్థి ఈ మూడవ ప్రశ్న వేసినచో అతనికి తర్కము అబ్బినదని చెప్పవచ్చును.

ఆ కథలోనే ఇంతకంటె గట్టి తర్కమొకటి కలదు. దానిని గూర్చి చెప్పువారు తక్కువ. నల్లమందు రుచిని కప్పునంత ఘాటుగా మసాలా వేసిన మాంసము ఆ రాత్రి వడ్డించిరి. ఆ రాత్రి ఆ వంటయే జరుగునట్లు చేయుట బయటివానికి శక్యము కాదు. కావున ఆ పని ఇంటివారిది. ఇది పరిశేషానుమానము. శబ్దము ద్రవ్యము కాదు, కర్మ కాదు, కావున గుణము అని భాష్యమున చూపిన మార్గమే.

పరిశేషమునకు ప్రాణము, మిగిలిన పక్షములన్నియు లెక్కకు వచ్చినవా అనునది. 1887లో వెలువడిన 'ఎ స్టడీ ఇన్ స్కార్లెట్' నందు హోమ్స్ వాట్సన్‌ను చూచినంతనే, అఫ్గానిస్తానమునుండి వచ్చితివని చెప్పుట లోకప్రసిద్ధము. ముఖము ఎండకు నల్లబడినది, మణికట్లు తెల్లగా నున్నవి, వైద్యుని వాలకము, సైనికుని ఠీవి, చేయి గాయపడినది. ఉష్ణదేశమున ఆంగ్లసైన్యవైద్యుడు గాయపడుట అఫ్గానిస్తానముననే జరుగునని అతని నిర్ణయము. కాని ఆ సంవత్సరములలోనే, 1879లో జూలూలతోను, 1880-81లో బోయరులతోను దక్షిణాఫ్రికాలో ఆంగ్లేయులు యుద్ధము చేసియుండిరి. అచటినుండి వచ్చిన వైద్యునికిని ఈ లక్షణములన్నియు సరిపోవును. హేతువు విపక్షమున వర్తించుచున్నది, అది సవ్యభిచారము. కథకుడు కలము తన చేతిలో నున్నది గనుక నాయకుని గెలిపించినాడు. పోలీసు ఠాణాలో కలము వేరొకరి చేతిలో నుండును.

వ్యభిచారము పైకి కనబడనప్పుడు ఉపాధిని వెదకవలెను. మిత్రాతనయుడు గనుక నల్లనివాడు అను ప్రయోగము మనకు బాల్యపరిచితము. ఇంతవరకు చూచిన ఆమె కొడుకులందరును నల్లనివారే. అయినను గర్భమున పుట్టబోవువాడు నల్లనివాడని చెప్పరాదు. గర్భిణి తిన్న శాకముల పరిపాకము నల్లదనమునకు కారణము కావచ్చును. అది ఈమారు లేకపోవచ్చును. శాస్త్రమున దీనిని నవ్వుచు చదువుదుము. 'ఈ వంశమువారు ఇంతకుముందు నేరములు చేసిరి గనుక వీడును చేసియుండును' అని ఒక ఊరు ఒక బాలుని పట్టుకొన్నప్పుడు అది ఇదే ప్రయోగమని గుర్తింపము.

కౌటిలీయార్థశాస్త్రము కంటకశోధనాధికరణమున ఏడవ అధ్యాయము ఆశుమృతకపరీక్ష. హఠాత్తుగా మరణించినవాని దేహమునకు నూనె పూసి చూడవలెను. మలమూత్రములు వెడలి, కడుపు ఉబ్బి, కాలుసేతులు వాచి, కన్నులు తెరచి, మెడపై గుర్తులున్నచో ఊపిరి తిరుగకుండ నొక్కి చంపిరని తెలియవలెను. వీనికి తోడు చేతులును తొడలును ముడుచుకొన్నచో ఉరి. విషము సందేహమైనచో తినగా మిగిలిన అన్నమును పక్షులకు పెట్టి చూడవలెను. చంపి పిదప ఉరివేసిరేమో యనియు విచారింపవలెను. ఈ కడపటిది గమనార్హము. పైకి కనబడు లింగమును ఎవరైనను కావలెనని కల్పించియుండవచ్చునను ఎఱుక దానియందు కలదు. నెమలి కూత కూసిన మనుష్యుడే ఇచట హంతకుడైనాడు.

తరువాతి అధ్యాయమున, అనుమానితుని పేరు, వృత్తి, మిత్రులు, క్రిందటి దినమున చేసిన పనులు, పట్టుబడువరకు రాత్రి యెచట నుండెను అనునవి అడిగి, చెప్పినదానిని ఇతరుల మాటలతో సరిచూడవలెనని యున్నది. మూడు రాత్రులు గడచిన పిదప, పనిముట్లు దొరికిన పక్షమున తప్ప, శంకమాత్రముచే ఎవ్వరిని పట్టరాదనియు కలదు. దోషము సంభావ్యమైనవానిని బాధించి అడుగుటకు అదే అధ్యాయము అనుమతించుచున్నది. మన గ్రంథమని దానిని దాచిపెట్టనక్కరలేదు. అయితే ఆ బాధ వలని ప్రమాదమును కౌటిల్యుడెరుగును. దొంగల దారిలో యాదృచ్ఛికముగా ఎదురుపడినవాడు, వేషము, ఆయుధము, సొమ్ము దొంగలవానివలె నున్నందున దొంగగా పట్టుబడవచ్చునని చెప్పి, మాండవ్యుని ఉదాహరించినాడు. భారతమున మాండవ్యుడు మౌనవ్రతమున నుండి బదులుపలుకక శూలమెక్కెను. కౌటిల్యుని మాండవ్యుడు దెబ్బలకు వెరచి తానే దొంగనని ఒప్పుకొనెను. కథ మారుటకు కారణము పురాణవిమర్శకులు చెప్పవలెను; దండనీతికి ఉపయోగించునది మాత్రము రెండవ కథయే. ఒప్పుకోలు సైతము వ్యభిచారిహేతువు కాగలదు.

పరిస్థితులను బట్టి నేరమును నిర్ణయించుటకు మన సుప్రీంకోర్టు 1984లో శరద్ బిర్ధీచంద్ శారదా వ్యాజ్యమున ఐదు నియమములను చెప్పినది. ప్రతి పరిస్థితియు పూర్తిగా రుజువు కావలెను. 'అయియుండవచ్చును' అనుట చాలదు. అవి నేరముతో మాత్రమే పొసగవలెను, నిర్ణాయకములు కావలెను, మరియే ఇతరపక్షమునకును చోటీయరాదు, గొలుసు తెగకుండవలెను. సద్ధేతువునకు నైయాయికులు చెప్పు రూపములును ఐదే. పక్షసత్త్వము మొదటి నియమముతోను, విపక్షాసత్త్వము నాలుగవదానితోను చక్కగా కలియును. తక్కినవానిని సంఖ్యాసామ్యమును బట్టి లాగి కలుపుట వినోదమే కాని విమర్శ కాదు. తమ వాక్యములను గౌతముడు ముందే చెప్పెనని న్యాయమూర్తులు అనలేదు, మనము అనిపింపరాదు. నిరపరాధిని కాపాడవలెనను తలంపు ఎచట పుట్టినను బుద్ధి ఈ దారినే త్రొక్కును.

హేత్వాభాసములను వల్లించుటయే గాక గుర్తించుట నేర్పవలెనన్నచో మన పాఠ్యభాగములలోనే మంచి ఉపకరణమున్నది: మృచ్ఛకటికము తొమ్మిదవ అంకము. చారుదత్తునిపై మోపిన నేరము వసంతసేనహత్య. ఆమె అతని ఇంటికి పోయినదని తల్లి చెప్పెను, నిజము. చారుదత్తుని బండిలో ఆమె తోటకు పోవుచున్నదని తాను వినినట్లు వీరకుడు చెప్పెను. వినిన మాట నిజము, బండిలోనున్నవాడు ఆర్యకుడు. తోటలో స్త్రీశవమున్నది, నిజము. ఆమె నగలు విదూషకుని చంకనుండి జారిపడెను, నిజము. ఇన్ని నిజములు కూడి ఒక అబద్ధమును నిలబెట్టినవి. వసంతసేన బ్రతికియే యున్నది. ఆ శవమెవరిది? చెట్టు కూలి ఒక స్త్రీ మరణించినదని ఎనిమిదవ అంకమున విటుడు చూచి చెప్పిన ఒక్క మాటను శూద్రకుడు ముందే నాటియుంచినాడు. వేగముగా చదువువారు దానిని దాటిపోవుదురు. సభలోనివారికి అది తెలియనే తెలియదు. ఆకారము తెలియని శవమును వసంతసేనయని గ్రహించుట స్వరూపాసిద్ధియా, నగలు సవ్యభిచారమా, అను విచారణకు విద్యార్థులను రెండు పక్షములుగా కూర్చుండబెట్టినచో ఒక మధ్యాహ్నము చాలదు.

వారిని శకారుని మాటవద్ద మరికొంతసేపు నిలుపవలెను. నగలకై మెడ నులిమి చంపిరి అని చెప్పుచు అతడు 'నేను కాదు' అని నోరు జారి ఆగిపోయెను. అధికరణికుడు దానిని వ్రాయించెను. శకారుడు ఆ వ్రాతను కాలితో తుడిచివేసెను. నగలకొరకు చంపిరని నీకెట్లు తెలిసినదని అడుగగా, మెడ బోసిగా నుండుటను బట్టి ఊహించితినని చెప్పెను. అనగా ఆ సభలో లింగము చూపి అనుమానప్రయోగము చేసినవాడు హంతకబుద్ధిగల శకారుడే. శ్రేష్ఠియు కాయస్థుడును అది యుక్తముగనే యున్నదనిరి. నేలపై తుడిచిన గుర్తు వారి యెదుటనే యున్నది.